కష్టం ఇంకా తీరనివాళ్ళ సాక్ష్యం

ఆదివారం ఆరాధనలో ప్రకటనలు అయ్యాక మా సంఘంలో సాక్ష్యాలకు, అంటే దేవుడు తమకు చేసిన మేలు లేచి చెప్పుకోవడానికి, కాసేపు టైమ్ ఇస్తారు. సికింద్రాబాద్‌లో పుట్టి ఇదే సంఘంలో పెరిగినదాన్ని కాబట్టి ఎన్ని సాక్ష్యాలు విన్నానో లెక్కలేదు. ఉద్యోగం పోయింది, దేవుడు అంతకన్నా మంచిది ఇచ్చాడు. డాక్టర్లు చేతులెత్తేశారు, ప్రార్థన చేశాం, రిపోర్టు నార్మల్ వచ్చింది. పిల్లకి సంబంధాలు కుదరట్లేదు, ఉపవాసం ఉన్నాం, మే నెలలో పెళ్ళి, అందరూ కుటుంబంతో రావాలి. మైకు దగ్గరికి వచ్చేసరికి అందరి కష్టమూ తీరిపోయి ఉంటుంది. తీరనివాళ్ళు అక్కడిదాకా రారు. వాళ్ళు ఒక చిన్న చీటీ మీద పేరూ, పక్కన ఒక్క ముక్కలో బాధా రాసి ఇస్తారు. "ఆరోగ్యం కొరకు." "కుటుంబ సమాధానం కొరకు." పాస్టరు గారు ప్రార్థనలో ఆ చీటీలు వరసగా చదువుకుంటూ పోతారు.

సాక్ష్యాలంటే నాకు చిరాకనుకోకండి. వాటిలో కొన్ని నా కళ్ళ ముందే జరిగాయి. నా గొడవ వేరే. కష్టం తీరినవాళ్ళకు మైకూ, తీరనివాళ్ళకు చీటీ ఇచ్చే పద్ధతి ఏళ్ళ తరబడి నడిస్తే సంఘానికి అదొక చూపుగా మారిపోతుంది. కష్టంలో ఉన్న మనిషి మనలో ఒకడిగా కాకుండా మనం ప్రార్థించాల్సిన ఒక అంశంగా కనిపించడం మొదలవుతుంది. ఆ సంగతి అతనికీ తెలుస్తుంది. మెల్లగా వెనక బెంచీకి జరుగుతాడు, అక్కణ్ణుంచి యూట్యూబ్ లైవ్‌కు, ఆ తర్వాత అదీ ఉండదు. ఫలానా ఆయన ఆత్మీయంగా చల్లారిపోయాడని మనం అనుకుంటాం. ఆయన పక్కన ఎవరు కూర్చున్నారు, ఎన్నాళ్ళు కూర్చున్నారు అని మాత్రం అడగం.

కొన్నేళ్ళ కిందట మా స్త్రీల సమాజం కూడికలో ఒక అక్క లేచి నిలబడింది. వాళ్ళాయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి డయాలసిస్ బిల్లు తప్పుతుంది, నిజమే. ఆటో కిరాయిలు తప్పవు, బయట కొనే మందులు తప్పవు, ఆయన మానేసిన పని తాలూకు జీతం ఎలాగూ రాదు. ఆమె అన్నది ఇంతే: "నాకు సాక్ష్యం ఏం లేదు. ఆయన బాగవలేదు. బాగవుతాడని డాక్టరూ చెప్పట్లేదు. నాకు ప్రార్థన రావట్లేదు. మీరు పాడుతుంటే మీ మధ్యన కూర్చుందామని వచ్చిన." కూర్చుంది. గది అంతా గతుక్కుమంది. కూడిక నడిపించే ఆవిడ వెంటనే తేరుకుని, "అలా అనకూడదు సిస్టర్, విశ్వాసంతో పలకాలి" అని ఒక జయగీతం ఎత్తుకుంది. అందరం చప్పట్లు కొట్టాం.

మరుసటి వారం నుంచి మా సంఘంలోని ఇద్దరు పెద్దావిడలు వంతులు వేసుకుని ఆమెతో ఆటోలో డయాలసిస్ సెంటర్‌కు వెళ్ళడం మొదలుపెట్టారు. ఇద్దరిలో ఒకరికి చదవడం రాదు. అక్కడ నాలుగు గంటలు కూర్చోవాలి, ఏసీ చలి, టీవీలో ఏదో సీరియల్. వాళ్ళు అక్కడ ఏం మాట్లాడుకునేవారని తర్వాత ఎప్పుడో అడిగితే, "ఏం మాట్లాడతం, పల్లీలు తినేటోళ్ళం" అంది ఆ పెద్దావిడ. ఆయన పోయాడు. ఆ అక్క మాత్రం ఇవాళ్టికీ సంఘంలో ఉంది. ఆ జయగీతం వల్ల ఉందా, పల్లీల వల్ల ఉందా అంటే నా జవాబు మీరు ఊహించగలరు.

మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాయువు ఉన్న మనిషిని నలుగురు మోసుకొస్తారు. జనం కిక్కిరిసి ఉంటే ఇంటి కప్పు విప్పి పరుపుతో సహా కిందికి దించుతారు. సండే స్కూల్లో ప్రతి పిల్లా బొమ్మ వేసే కథే. అక్కడ యేసు "వారి విశ్వాసము చూచి" అన్నాడని రాసి ఉంది. వారి, అంటే మోసుకొచ్చినవాళ్ళది కూడా. పరుపు మీద ఉన్నవాడు ప్రార్థించాడనో, గట్టిగా నమ్మాడనో, నోటితో పలికాడనో ఒక్క ముక్క లేదు. అతను మొత్తం కథలో నోరే విప్పడు. కష్టంలో ఉన్నవాళ్ళతో "నీ విశ్వాసం చాల్లేదు" అనేవాళ్ళు ఈ అధ్యాయం దగ్గర ఒకసారి ఆగితే బాగుంటుంది. కొన్నాళ్ళపాటు నా బదులు నువ్వు నమ్ము, నా బదులు నువ్వు పాడు అని అడగడానికే కదా సంఘం ఉన్నది. ఒక్కడే నమ్ముకుని ఒక్కడే నిలబడగలిగితే ఆదివారం పొద్దున్నే తయారై ట్రాఫిక్‌లో పడి రావడం దేనికి?

కీర్తనల గ్రంథం చూడండి. మొత్తం 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఏడుపే. ఎన్నాళ్ళు, ఎందుకు, ఎక్కడున్నావు అనే ప్రశ్నలే. చాలావాటిలో చివరికి ఎక్కడో ఒక స్తుతి మాట వస్తుంది. 88వ కీర్తనలో అదీ రాదు. చీకటే నాకు బంధువర్గమైందని చెప్పి ఆ కవి ఆపేశాడు. దాన్ని ఆరాధన గ్రంథంలోంచి తీసేయాలని ఇన్ని వందల ఏళ్ళలో ఎవరికీ తోచలేదు. మన దగ్గర మాత్రం డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్ సర్వీసులో ట్రేలో పెట్టి ఇచ్చే, కొత్త ఏడాదికి ఒక్కో బైబిలు వాక్యం రాసి ఉన్న వాగ్దాన కార్డుల్లో 88వ కీర్తన ఎవరికైనా వచ్చిందా? రాదు. నిన్ను తలగా చేస్తాను, నీకు విరోధంగా రూపింపబడిన ఏ ఆయుధమూ వర్ధిల్లదు, ఇవే. వాటిని లామినేషన్ చేయించి ఫ్రిజ్ మీద అతికిస్తాం. మార్చి నెలలో ఇంట్లో ఏదైనా జరిగితే ఆ కార్డు వైపు చూడటానికి భయం వేస్తుంది. వాగ్దాన కార్డులు మానేయమని నేను చెప్పను, మా ఇంట్లోనూ ఉంది. ఆ ట్రేలో నాలుగు కన్నీటి కీర్తనలు కూడా కలపమంటాను. ఇది చెప్తే మా యూత్ పిల్లలు నవ్వారు. "ఆంటీ, జనవరి ఒకటిన అది ఎవరికి వస్తే వాళ్ళు సంఘం మారిపోతారు" అన్నాడొకడు.

శుభ శుక్రవారం నాడు మాత్రం మనకు ఒక మంచి అవకాశం ఉంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీది ఏడు మాటలు, ఏడుగురు ప్రసంగీకులు. నాలుగో మాట "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి." అది 22వ కీర్తన మొదటి వాక్యం. దేవుని కుమారుడికే ప్రార్థన ఆ రూపంలో వచ్చింది. ప్రసంగాలు చాలావరకు దీన్ని ఒక సిద్ధాంతంగా వివరించి దాటేస్తాయి: మన పాపం మోశాడు కాబట్టి తండ్రి ముఖం తిప్పుకున్నాడు. సిద్ధాంతం సంగతి పండితులు చూసుకుంటారు. ఆ మధ్యాహ్నం చర్చిలో కూర్చున్నవాళ్ళలో ఎంతమంది గత ఏడాదిగా అదే మాట లోపల గొణుక్కుంటున్నారో, వాళ్ళకు "నువ్వు కూడా ఇలా అడగొచ్చు" అని ఒక్కరు చెప్తే ఎంత ఊరట. పైగా తొందర. ఏడో మాట చెప్పేవాళ్ళకు టైమ్ మిగలాలి కదా.

హృదయాన్ని కాపాడుకోవడం గురించి మనకు తెలిసిన వాక్యం సామెతలు నాలుగో అధ్యాయంలోది: "అన్నిటికంటె ముఖ్యముగా నీ హృదయమును భద్రముగా కాపాడుకొనుము." దీన్ని ఎప్పుడూ యవ్వనస్థుల కూటంలోనే వాడతారు, అదీ సినిమాల గురించి, ప్రేమల గురించి. నలభైలు దాటినవాళ్ళ హృదయాలు ఎండిపోవడానికి సినిమాలు కారణం కాదు. ఈఎంఐలు, ఒకరితో ఒకరు మాట్లాడుకోని అన్నదమ్ములు, మంచాన పడ్డ అత్తగారు, విదేశం వెళ్ళి ఫోన్ చేయని కొడుకు. వీటి మధ్య హృదయం ఒక్కసారిగా ఏమీ విరగదు, రోజుకి కొంచెం మొద్దుబారుతుంది. ఏడుపు రాదు, పాట రాదు, ఎవరికైనా చావు కబురు వస్తే "అయ్యో" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోతాం.

నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటుంది, అది నా సొంతం కాదు, మా అమ్మమ్మది. తాతయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పని చేసేవాడు. క్వార్టర్స్‌లో తెల్లారి సైరన్‌కు ముందే ఆమె లేచి కీర్తనలు వరసగా, పైకి చదివేది. ఇవాళ ఒకటి, రేపు దాని తర్వాతది. సంతోషంగా ఉన్న రోజు ఏడుపు కీర్తన వచ్చినా అదే చదివేది, బాధగా ఉన్న రోజు స్తుతి కీర్తన వచ్చినా అదే. "ఇయ్యాల నాకు ఏడుపు లేకపోతే ఏంది, ఈ లైన్ల ఎవరో ఒకరికి ఉంటది, వాళ్ళ కోసం చదువుతా" అనేది. క్వార్టర్స్ వరసని లైన్ అంటారు అక్కడ. ఇది చాలా పెద్ద మాటని నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు. మన మూడ్‌కు తగ్గ వాక్యం వెతుక్కుంటే మన చుట్టూ మనమే తిరుగుతాం. వరసలో వచ్చింది చదివితే పక్కింటివాళ్ళ దుఃఖం మన నోట్లోకి వస్తుంది. ఫోన్‌లో పొద్దున్నే వచ్చే సూర్యోదయం బొమ్మ మీది వాక్యం ఈ పని చేయదు. దాన్ని తయారు చేసిందే మనకు నచ్చడానికి.

2020 గుర్తు తెచ్చుకోండి. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్. ఏప్రిల్ 10న శుభ శుక్రవారం, 12న పునరుత్థాన పండుగ, రెండూ ఇళ్ళల్లోనే. వందేళ్ళు, నూట యాభై ఏళ్ళు దాటిన సికింద్రాబాద్ చర్చిలు కూడా తలుపులు మూసుకున్నాయి. మళ్ళీ తెరవనిచ్చింది జూన్ 8 నుంచి, అదీ థర్మల్ గన్లు, శానిటైజర్లు, బెంచీకి ఇద్దరు చొప్పున. మూసేయడం అవిశ్వాసమని ఆ రోజుల్లో వాట్సాప్‌లో ఎంత గొడవ జరిగిందో చాలామంది మర్చిపోయారు. 1527లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ ఇదే ప్రశ్నకు జవాబు రాశాడు. మందు వాడతాను, ఇల్లు శుభ్రం చేస్తాను, నా అవసరం లేని చోటికి వెళ్ళి నా వల్ల ఇంకొకరికి అంటేలా చేయను, పొరుగువాడికి నేను కావలసి వస్తే మాత్రం వెళ్తాను అన్నది దాని సారం. ఆయన ఊరు వదలకుండా రోగుల్ని చూసుకున్నాడు. దాదాపు ఐదు వందల ఏళ్ళ కిందటి మాట, వాట్సాప్ గొడవలకంటే తెలివిగా ఉంది.

లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ ఆరాధన చాలామందిని నిలబెట్టింది, కాదనను. మా నాన్న చెప్పులు విప్పి, తెల్లచొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చునేవాడు. కానీ కష్టం వచ్చిన ఇళ్ళను పట్టుకున్నది లైవ్ కాదు, ఫోన్. మాకు పాత పద్ధతిలో ఏరియాల వారీగా సభ్యుల రిజిస్టర్ ఉండేది, చందాల కోసం పెట్టుకున్నది. ఒక సంఘ పెద్ద దాన్ని బయటికి తీసి ఒక్కో ఏరియాను ఇద్దరికి అప్పజెప్పాడు. రోజుకి ఐదు ఇళ్ళు. ప్రార్థన తర్వాత సంగతి, ముందు "బియ్యం ఉన్నాయా? షుగర్ మందులు ఉన్నాయా?" అని అడగాలి. ఆ ఫోన్లలో బయటపడిన సంగతులు వింటే మతి పోయేది. పక్క పక్క బెంచీల్లో ఇరవై ఏళ్ళు కూర్చున్నవాళ్ళకు ఒకరి ఇంట్లో పొయ్యి వెలగట్లేదని ఇంకొకరికి తెలియదు. ప్రైవేట్ స్కూల్ టీచర్లకు జీతాలు ఆగిపోయిన రోజులవి. మైకు సాక్ష్యాల్లో వాళ్ళెప్పుడూ లేరు.

2021 మే మరీ దారుణం. తెలంగాణలో 12వ తేదీ నుంచి లాక్‌డౌన్, మొదట్లో పొద్దున ఆరు నుంచి పది దాకానే సడలింపు. భూస్థాపనకు కొద్దిమందే, అదీ పీపీఈ కిట్లలో. మా సంఘంలో పోయినవాళ్ళలో కొందరికి పాట లేదు, ఇంటి దగ్గర ప్రార్థన లేదు, మొఖం చివరిసారి చూసుకోవడం లేదు. జూన్ 20న లాక్‌డౌన్ ఎత్తేశారు, అందరం పనుల్లో పడ్డాం. ఆ చావులకు జరగాల్సిన ఏడుపు జరగనే లేదు. ఏడాది తర్వాత ఒక ఆదివారం పాస్టరు గారు ఆ రెండేళ్ళలో పోయినవాళ్ళందరి పేర్లూ చదివించి, ఒక్కో పేరుకూ ఆ కుటుంబాన్ని నిలబడమన్నారు. ప్రసంగం తీసేశారు. ఆ రోజు చర్చిలో లేచిన ఏడుపు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. కొందరు పెద్దలు "ఆరాధనలో ఇలాంటివి పెడితే కొత్తగా వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు" అని తర్వాత నసిగారు. ఆ రోజు కొత్తగా వచ్చిన ఒక కుటుంబం మాతోనే ఉండిపోయింది. ఎక్కడికి వెళ్ళినా నవ్వు మొఖం పెట్టాల్సి వస్తోంది, ఇక్కడ అక్కర్లేదనిపించింది అని ఆ ఇంటాయన చెప్పాడు.

ఇక్కడ ఆదరణ కూడిక గురించి చెప్పకుండా ఉండలేను. చావు జరిగిన ఇంట్లో కొన్ని రోజులకు సంఘమంతా చేరి, పాడి, ప్రార్థించి, భోజనం చేసి వెళ్ళడం మన తెలుగు సంఘాల గొప్ప ఆచారాల్లో ఒకటి. దాన్ని మనమే పాడు చేసుకుంటున్నాం. షామియానా కింద ముందు వరసలో తెల్ల చీర కట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంటుంది. ప్రసంగీకుడు ఆమె వైపు ఒక్కసారి చూసి, వెనక కూర్చున్న క్రైస్తవేతర బంధువుల వైపు తిరిగి, ఇవాళే మీకు సమయం, రేపు ఉండదు అని ముప్పావు గంట గర్జిస్తాడు. ఆమెకు దక్కేది చివర్లో "దేవుడు ఆ కుటుంబాన్ని ఆదరించును గాక" అనే ఒక్క వాక్యం. సువార్త చెప్పడానికి ఆదివారాలున్నాయి, మైదానాలున్నాయి. ఆ పూట ఆమెది. బైబిల్లో, అన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు ఏడు పగళ్ళు ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ తర్వాత వాళ్ళు చేసిన ప్రసంగాలను దేవుడే తప్పు పట్టాడు, ఆ మౌనాన్ని మాత్రం ఏమీ అనలేదు.

నేనిలా అన్నప్పుడల్లా రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: అందరూ ఏడుస్తూ కూర్చుంటే విశ్వాసం ఎక్కడ బలపడుతుంది, నోటితో ఏది పలికితే అదే జరుగుతుంది కాబట్టి కష్టాన్ని పలకకూడదు. ఈ బోధ మన నగరంలో బాగా పాతుకుపోయింది. దీనికి నేను పెద్ద జవాబు చెప్పను. పలకడం వల్లే కష్టం వచ్చేట్టయితే కీర్తనలు రాసినవాళ్ళెవరూ బతికి ఉండకూడదు.

రెండో అభ్యంతరం నిజంగా బరువైంది. బాధ బయట పెడితే అది కబురవుతుంది. "ప్రార్థన చేస్తావనే చెప్తున్నా అక్కా, ఎవ్వరికీ చెప్పకు" అని మొదలైన మాట సాయంత్రానికి మౌలాలి దాటుతుంది. కూతురు పుట్టింటికి వచ్చేసిందని చెప్పుకున్న తల్లికి తర్వాత ఆ సంఘంలో రెండో కూతురికి సంబంధం దొరకదు. చీటీ మీద ఒక్క ముక్కే రాయడానికి కారణం భయం, ఆ భయం ఉత్తది కాదు. అందుకే తీరని కష్టాలన్నీ తెచ్చి మైకు ముందు పెట్టమని నేనడగను. మైకు ఎప్పుడో ఒకసారి చాలు, అదీ ఆ మనిషికి ఇష్టమైతే. అసలు చోటు ఐదారు కుటుంబాల చిన్న గుంపులో ఉండాలి. అక్కడ విన్నది వాట్సాప్‌లో పెట్టకూడదు, పాస్టరమ్మకు కూడా అడక్కుండా చెప్పకూడదు, దాటినవాళ్ళను మొహం మీదే అడగాలి. మనవాళ్ళు మొహమాటస్థులు, చివరిదే కష్టం.

అలాంటి గుంపులు ఒకప్పుడు అడగకుండానే ఉండేవి. బౌద్ధనగర్, మెట్టుగూడ, చిలకలగూడ సందుల్లో సంఘస్థుల ఇళ్ళు పక్కపక్కనే ఉండేవి. బుధవారం ఒకరింట్లో కుటుంబ ప్రార్థన, చివర్లో టీ, ఉప్మా. ఇప్పుడు ఆ ఇళ్ళు అమ్మేసి ఒకరు కొంపల్లి, ఒకరు నాగారం, పిల్లలు మియాపూర్, కొండాపూర్. చర్చి ఆదివారానికి వచ్చి పోయే స్టేషన్ అయింది. అపార్టుమెంట్లలో పదిమంది చేరి పాడితే అసోసియేషన్ నుంచి ఫోన్ వస్తుంది. అందుకని నా ప్రతిపాదన ఏమిటంటే పాట తగ్గించి తిండి పెంచండి. గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను మందిరంలో ప్రసంగీకుడు బ్రదర్ భక్త్ సింగ్ నడిపిన పెద్ద కూడికల్లో వేలమంది వరసల్లో కూర్చుని కలిసి తినేవారు. 2000 సెప్టెంబర్ 17న ఆయన చనిపోయాక కూడా ఆ సహవాసాల్లో ప్రేమ విందు అలవాటు నిలిచింది. మా సంఘం ఆ శాఖ కాదు, మాకు బెంచీలు, గంట, అంగీలు. అయినా ఈ విషయంలో వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి. కలిసి తినేటప్పుడు ఎవరు తినట్లేదో కనిపిస్తుంది. ఆరాధనలో ఎవరు పాడట్లేదో వెనక నుంచి కనిపించదు.

డబ్బు సంగతి. సంఘం అంటే ఆత్మీయ విషయాలని చెప్పి డబ్బు దగ్గర మొహం చాటేయడం నాకు నచ్చదు. మెదక్ చర్చి అందరూ చూసిందే. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో మొదలుపెట్టిన ఆ కట్టడం 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. కరువు రోజుల్లో జనానికి ఊరికే పంచకుండా పని ఇచ్చి, ఆ పనికి తిండి పెట్టి కట్టించారని మెదక్ వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ నగరంలో దానికి సరిపోయేది ఏమిటి? గచ్చిబౌలిలో ఉద్యోగం పోయిన కుర్రాడికి "దేవుడు తలుపు తెరుస్తాడు" అని భుజం తట్టేవాళ్ళలో ఇద్దరు ముగ్గురైనా కంపెనీల్లో మేనేజర్లే. వాడి రెజ్యూమె అడిగి తీసుకుని పంపొచ్చు. ట్యూషన్ చెప్పగలిగిన ఒంటరి తల్లికి సంఘంలోని పిల్లల్ని పంపొచ్చు. కానుకల్లో కష్టనిధికి ఇంత అని ముందే తీసి పెట్టి, ఎవరికి వెళ్తోందో పేరు చదవకుండా ఇవ్వొచ్చు. స్టేజీ మీదికి పిలిచి బియ్యం బస్తా చేతికిచ్చి ఫోటో తీసే పద్ధతి మాత్రం దయచేసి ఆపండి.

మనసు బాగాలేనివాళ్ళ విషయంలో మనం ఇంకా వెనకబడి ఉన్నాం. డిప్రెషన్ అనగానే ఉపవాస ప్రార్థన, లేకపోతే దురాత్మ. డాక్టరంటే "ఎర్రగడ్డకు పంపిస్తారా" అని జోకు. రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుని చచ్చిపోతానన్నాడు. దేవదూత వచ్చి ముందు రొట్టె, నీళ్ళు పెట్టాడు. మళ్ళీ నిద్రపోనిచ్చాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. దేవుని మాట ఆ తర్వాతెప్పుడో కొండ మీద. ప్రార్థనతో పాటు మందు వేసుకోవడంలో అవిశ్వాసం లేదని పుల్పిట్ మీద నుంచి ఒకసారి గట్టిగా చెప్తే ఎంతమంది ఊపిరి పీల్చుకుంటారో. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ నంబర్ 14416. రాత్రీ పగలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చర్చి నోటీసు బోర్డు మీద పెళ్ళి ప్రకటనల పక్కన దీనికీ చోటు ఉంది.

చివరిగా అందరికన్నా ఒంటరి కుటుంబం గురించి. పాస్టరు గారికి కష్టం వస్తే ఎవరికి చెప్పుకోవాలి? సంఘస్థులకు చెప్తే రేపు కమిటీలో అదే మాట ఆయన మీదికి తిరుగుతుంది. పై అధికారులకు చెప్తే ట్రాన్స్‌ఫర్. పాస్టరమ్మ అయితే మరీ, ఊళ్ళో అందరి ఏడుపూ వినాలి, తన చీర కాస్త కొత్తగా ఉంటే అదీ వినాలి. 2021లో పొద్దున ఒక భూస్థాపన, మధ్యాహ్నం ఇంకోటి చేసి వచ్చి, ఆ రాత్రే జూమ్‌లో ప్రోత్సాహ సందేశం ఇచ్చిన పాస్టర్లున్నారు. వాళ్ళను ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు. మా సంఘంలో కొందరం కలిసి పాస్టరు గారికి మూడు నెలలకు ఒక ఆదివారం పూర్తి సెలవు, ఆ రోజు ఆయన కుటుంబం వేరే చర్చిలో వెనక బెంచీలో కూర్చునే వెసులుబాటు ఇవ్వాలని అడిగాం. ఆ పూట సంఘంలోవాళ్ళే ఒకరు వాక్యం చెప్పొచ్చు. కోశాధికారికి అభ్యంతరం లేదు, ఖర్చేం లేదు కాబట్టి. ఒక పెద్దాయన మాత్రం "జీతం తీసుకునేది దేనికి మరి" అన్నాడు. తీర్మానం వాయిదా పడింది. వచ్చే జనరల్ బాడీలో మళ్ళీ పెడుతున్నాం, ఈసారి సంతకాలతో.